నూరువరహాల బాకీ

హన్మకొండ నుంచి ఆసిఫాబాదుకు బదిలీ.
డీసీఎం బండిల బీరువా కంటె ముందు
పదకొండు కుండీలు ఎక్కినయి.
"కరెంటాఫీసుల గుమాస్తావా, మాలీవా?"
అని నవ్విండు డ్రైవరు.

కార్తీకం దాటినంక గూడ మంచిగనే ఉండె.
తమలపాకు తీగ కిటికీ ఊచలు పట్టుకొని
బజారును తొంగి చూసేది.
నూరువరహాల చెట్టుకు గుత్తికో గుత్తి,
కుంకుమ భరిణె బోర్లించినట్టు.

పుష్యంల ఒక రాత్రి
పెద్దవాగు దిక్కు నుంచి సలి దిగింది.
సప్పుడు లేదు. మబ్బు లేదు. ఆకు కదల్లేదు.
గాలి లేని రాత్రే ఎక్కువ కొరుకుతదని
నాకప్పటికి ఎరుక లేదు.

తెల్లారి చూస్తె
తమలపాకులు ఉడికిన పాలకూర.
అరటాకు మీద ఎవరో ఇస్త్రీపెట్టె మరిచిపోయిన మచ్చ.
క్రోటను రంగులన్ని కాళ్లకాడ కుప్ప.
నూరువరహాలు మాత్రం నిలబడే ఉంది,
మాడిన ఒత్తుల కట్ట లెక్క.

నా తప్పులు నేనే చెప్త.
పొద్దుగూకినంక బిందెడు సన్నీళ్లు పోసిన.
ఆకులకు అతుక్కునేటట్టు పాలిథిన్ కప్పిన.
బలమని గుప్పెడు యూరియా ఏసిన.
మూడోనాడు ఓపిక సచ్చి
నూరువరహాలను వేళ్లతోని పీకి
గోడవతల పారేసిన.

గోడవతల ఆత్రం సోంబాయి ఉంటది.
ఆశ్రమ పాఠశాలల రొట్టెలు చేస్తది.
పిండి చేతులు కొంగుకు తుడుసుకుంట వచ్చి అడిగింది:
"గోరుతోని గీకి చూసినవా?"
"లే."
"తోలు కింద పచ్చగుంటె పానమున్నట్టు."
ఇంకేం అనలేదు. పోయింది.

మిగిలిన పదింటికి ఆమెనే వైద్యం.
కుండీలన్ని దక్షిణపు గోడకు జరిపించింది.
పొద్దంత ఎండ మింగిన ఇటుక
రాత్రంత మెల్లగ కక్కుతదట.
నాలుగు కట్టెలు పాతి, ఆకు తాకకుండ
తన పాత నూలుచీర గుడారం కట్టింది;
పొద్దెక్కంగనే తియ్యాలన్నది.
మొదట్ల సోయా పొట్టు జానెడు మందం.
నీళ్లు ఎండ ముదిరినంకనే, అదీ చెంబెడు.
యూరియా సంచి చూసి మూతి తిప్పింది:
"జరమొచ్చినోనికి బిర్యానీ పెడ్తవా?"

"మరి ఈ నల్లాకులు?"
"ఇడువు. సచ్చిన ఆకు బతికిన కొమ్మకు గొంగడి."
"ఎన్నాళ్లు?"
"మోదుగ పూసే దాక."

ఇరవై రెండేండ్ల నౌకరిల
ఎంతమందిని రేపు రా, ఎల్లుండి రా అన్న
నేనొకని కోసం కూసున్నది
ఇదే మొదలు.
రోజూ గోరుతోని గీకుడు. పచ్చగ.
మళ్లా గీకుడు. పచ్చగనే.
"గట్ల రోజు గీకితె గది సలికి గాదు, నీకే సస్తది,"
గోడ మీదికెల్లి ఒక కేక.

వాంకిడి తొవ్వల మోదుగులు అంటుకున్న వారం
అరటి నడుమ చుట్టిన కాయితం లెక్క కొత్తాకు.
తీగకు కణుపుకో పచ్చ చుక్క.
ఒక్క క్రోటను మాత్రం తిరిగి రాలే.
దాని కుండీ నేను కడుగలే.

చీర ఉతికి ఇచ్చొద్దామని
మొదటిసారి వాళ్ల ఇంట్లకు పోయిన.
బట్టలుతికే బండ పక్కన పాత నూనె డబ్బా.
డబ్బాల నా ఒత్తుల కట్ట,
మొదలు కాడ రెండు చివుర్లు,
రాగి రంగుల,
కోడిపిల్ల గోళ్లంత.

"ఇది... నాది కదా?"
సోంబాయి చీర మడత పెట్టుకుంట,
నా మొఖం చూడకుంట అన్నది:
"ఇసిరినప్పుడు నీదే.
ఏరుకున్నప్పుడు నాది."

దానికి ఏ రిజిస్టర్ల జవాబున్నది?

ఒక కొమ్మ ఇయ్యమని అడిగిన.
"వానలు పడనీ," అన్నది.
గప్పటిసంది సాయంత్రం సాయంత్రం
గోడకు గడ్డం ఆనించి లెక్క పెడ్తున్న.
ఇయ్యాల ఆరు ఆకులు.
సోంబాయి ఏడంటది.