వేడినీళ్ళు

నా గది బాయిలర్ పక్కన.
ఒకప్పుడిక్కడ చీపుళ్ళూ బకెట్లూ ఉండేవి.
ఇప్పుడు నేనున్నాను,
రెండు ఇనప సొరుగుల నిండా
రెండు వందల పదకొండు మంది పిల్లలున్నారు.

ఏప్రిల్ రెండో వారం. ఉత్తర మిన్నెసోటా.
సరస్సు మీద మంచు ఇంకా మనిషిని మోస్తోంది,
ట్రక్కుని మాత్రం వద్దంటోంది.
పదకొండో తరగతి వాళ్ళు వరసగా వస్తున్నారు
గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ.

అందరికీ అదే చెబుతాను, గొంతు అరిగేలా:
సిఫార్సు ఉత్తరం కావాలంటే ఇప్పుడే అడుగు,
జూన్ వస్తే టీచర్లు చేపలు పట్టడానికి పోతారు.
కాలేజీల జాబితాకి మూడు గడులు గీయి:
అందనిది, అందేది, చేతిలో ఉన్నది.
మూడోదాన్ని చిన్నచూపు చూడకు,
చివరికి అన్నం పెట్టేది అదే కావచ్చు.
ఇక ఈ బ్రోషర్లంటావా,
అరచేతిలో వైకుంఠం.
అన్నిట్లోనూ అదే ఎర్రాకుల చెట్టు,
కింద నవ్వుతూ అదే ముగ్గురు.
తొమ్మిదేళ్ళుగా చూస్తున్నా, ఒక్కరూ పుస్తకం తెరవలేదు.

ఎన్సియో హకాలా వ్యాసం తెచ్చాడు.
'నాయకత్వం అంటే' అని మొదలైంది.
పేరు కొట్టేసి ఇంకెవరి పేరు పెట్టినా
చెక్కుచెదరని వ్యాసం.
చదువుతుంటే వాడు కునుకు తీశాడు.
వేళ్ళ కణుపులు పగిలి ఉన్నాయి.

పొద్దున్నే ఏం చేశావన్నాను.
రింకుకి వెళ్ళానన్నాడు, నాలుగున్నరకి.
ఏం పని?
మంచు మీద బండి తోలతాను.

ఎలాగన్నాను, ఏదో అడగాలని.
అంతే, ఏడాదిగా రెండు మాటలు దాటని పిల్లాడు
కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

'చన్నీళ్ళు పోశామనుకోండి, పైపైనే గడ్డ కడతాయి.
గీతలు కిందే ఉండిపోతాయి, కనపడవంతే.
వేడినీళ్ళు పొయ్యాలి.
నిన్నటి గీతల్ని కొంచెం కరిగించి
వాటితో కలిసి గడ్డ కడతాయవి.
అప్పుడు చూడండి, అద్దం.'

ఎవరు నేర్పారు?

కాసేపు బాయిలరే మాట్లాడింది.

'మొదటేడు చన్నీళ్ళే పోశాను, గ్యాసు ఖర్చని.
ఆడపిల్లల జట్టులో ఒకమ్మాయి పడిపోయింది.
మణికట్టు విరిగింది.
తర్వాత నేర్చుకున్నాను.'

అది రాయి, అన్నాను.
'అది పని కదండీ,' అన్నాడు, నేనేదో పొరబడ్డట్టు.

పనికీ వ్యాసానికీ మధ్య ఆ గోడ ఎవరు కట్టారా అని
తలెత్తితే, నా వెనకే ఉంది పోస్టరు:
నాయకత్వం. సేవ. అభిరుచి.
నేనే అంటించాను, నాలుగు మూలలా టేపు వేసి.

దరఖాస్తు రుసుం మాఫీ కాయితం ఇచ్చాను.
వాళ్ళమ్మ ఊరికే ఏదీ తీసుకోదట.
ఊరికే కాదు, సంతకం చెయ్యాలిగా, అన్నాను.
నవ్వలేదు. కాయితం మాత్రం వదల్లేదు.

మూడో గడిలో పక్కూరి రెండేళ్ళ కాలేజీ రాశాడు.
రెండో గడిలో దులూత్.
మొదటి గడి మీద పెన్ను ఆనించి
ఇంకు చుక్క పెద్దదయ్యేదాకా ఆగాడు.
తర్వాత అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాసి,
మడిచి, జేబులో పెట్టుకుని లేచాడు.
ఏం రాశావని అడగలేదు.
ఆగస్టు దాకా టైముంది.

తర్వాత ఓడెట్ లుంగ్రెన్.
బల్ల మీద కాయితం పెట్టింది.
'నాయకత్వం అంటే' అని మొదలైంది.

పెన్నుకి మూత పెట్టేశాను.
కూర్చో. పొద్దున్నే ఏం చేశావ్?

'ఏం లేదు మిస్, పడుకున్నా.'

మంచిది.
ఎవరు లేపారు?