మూత దగ్గర

అమావాస్య నాడు ఆటోనగర్‌లో
ఎవరూ కొత్త బ్యాటరీ ముట్టరు.
అందుకే మా ట్యాంకుకి తలంటు ఆ రోజే.

నాలుగు రోజుల ముందే మోటారు ఆపేస్తాం.
బట్టీ తాగినంత తాగగా
అడుగున జానెడు మిగులుతుంది,
నీళ్ళంటే నీళ్ళు కాదు, మట్టంటే మట్టి కాదు.
ఓసారి అందులో బల్లి.
ఓసారి ఎవరిదో గాజుముక్క, ఆకుపచ్చది.
మూత తియ్యని ట్యాంకులోకి ఎలా వచ్చిందో
ఇప్పటికీ తేలలేదు.

నాగుల్ మీరా నడుముకి తాడు బిగించి
రెండు చేతులూ పైకెత్తి దిగుతాడు,
పోలీసులకి దొరికినట్టు.
ఆ కంత అంతే, పద్దెనిమిది అంగుళాలు.
ఒకప్పుడు నేనూ పట్టేదాన్ని.

ఇప్పుడు నా పని మూత దగ్గర.
తాడు కొస నా చేతికి రెండు చుట్లు.
రాత్రంతా తెరిచే ఉంచినా,
ఫ్యాను గొట్టంలోంచి గాలి తోలుతున్నా,
లోపలి మనిషిని మాట్లాడిస్తూనే ఉండాలి.
వెనక వీధి షెడ్డులో ఒకాయన
టీ తాగొస్తానని మూత దగ్గర్నించి లేచాడు.
అయిదు నిమిషాలే.

అందుకని మాట్లాడతాను.
టమాటా ధర. కరెంటు బిల్లు.
వాళ్ళ షాహీన్‌కి ఫిజిక్స్‌లో వచ్చిన మార్కులు.
బయట మాటకి మాట లెక్కేసి ఇచ్చే మనిషికి
ఆ గుండ్రటి చీకట్లో గొంతు ఇంతై వస్తుంది.
"అక్కా, నీ తల తియ్యి, వెలుతురు పోతోంది" అన్నా
ఏదో ఫర్మానా చదివినట్టే ఉంటుంది.

కొబ్బరిపీచు బ్రష్షు, పైనుంచి కిందికి.
సబ్బు ముట్టకూడదు:
నురగ బట్టీలో పొంగి
ఆవిరి వెంట ఎక్కి కూర్చుంటుంది.
గోడకి పట్టిన సున్నానికి నిమ్మ ఉప్పు,
గోరువెచ్చటి నీళ్ళలో.
అదంతా కడిగిపోయాకే, మర్నాడు, బ్లీచింగు.
ఆ రెండిటినీ ఒక బకెట్లో కలిపారో
మాట్లాడించడానికి ఎవరూ మిగలరు.
తర్వాత మూడు కడుగులు.
మూడోది కంటితో కాదు, ముక్కుతో.
చివర్న ఉత్త అరచేత్తో గోడంతా తడుముతాడు.
ఎక్కడ జారినా మళ్ళీ మొదలు.

ట్యాంకు బయట, నా గుండెల ఎత్తున
మట్టిరంగు గీత ఒకటి.
బుడమేరు పొంగిన ఏడాది అక్కడిదాకా వచ్చింది.
సింగ్ నగర్ అంతా నీళ్ళు.
మేడల మీద మనుషులకి గొంతులో తడి లేదు.
అటక మీద మా క్యాన్లు ఎనభై,
ఒక్కోదాని మీదా ఎర్రక్షరాలు: తాగుటకు కాదు.
"తాగితే చస్తామా?" అని అరిచింది ఎదురింటి మార్తమ్మ.
చావరు.
మీరా ఈదుకుంటూ క్యాన్లు తోశాడు,
చిటికెడు ఉప్పు వేసుకోమని ప్రతి మెట్టు దగ్గరా చెబుతూ.
మార్తమ్మ మనవడు ఒక గుక్క మింగి
గ్లాసులోకి అనుమానంగా చూశాడు:
"నానమ్మా, ఇందులో ఏమీ లేదు."

ఏమీ లేకుండా చెయ్యడమేరా
ఇరవై ఏళ్ళుగా మా పని,
అందామనుకున్నాను.
పడవ చప్పుడైంది, అందరం అటు తిరిగాం.

ఎండకి నాచు పట్టకుండా మొన్న వేసవిలో
ట్యాంకుకి నల్ల పెయింటు కొట్టాడు మీరా.
ఆ గీత మందాన వదిలేశాడు.
నేనేం అనలేదు.

మోటారు వేశాం.
ఖాళీ అడుగు మీద మొదటి నీళ్ళు,
చేటలో శనగలు పోసినట్టు.
ఓవర్‌ఫ్లో గొట్టానికి కొత్త దోమతెర గుడ్డ కట్టాను.
గోడ మీద సుద్దతో తేదీ రాశాను.
మీరా గట్టు మీద కూచుని
నానిపోయిన కాలివేళ్ళు ఎండకి చాపుకున్నాడు.
తాడు ఇంకా నా చేతికే ఉంది.

"మీరా" అన్నాను, అలవాటుగా,
ట్యాంకులోకి చూస్తూ.

"ఉన్నానక్కా" అన్నాడు
మోచేతి దూరంలోంచి, మామూలు గొంతుతో.