ఆరో పెట్టె

ఆదోని. మా మిద్దె మీది గది.
నేలకు బేతంచెర్ల బండలు.
చిటికె వేస్తే నాలుగు గోడలూ తిరిగొచ్చి
నన్నే "ఎవరు?" అంటుంది.

ఈ గదిలో కూర్చుని
సినిమాకు చుట్టూ శబ్దం కలుపుతానంటే
బెంగుళూరు డీలరు ఫోన్లోనే నవ్వాడు:
"ముందు గది కొనండి మేడం, స్పీకర్లు తర్వాత."

గది కొనలేను.
చేతిలో ఉన్నది లక్షా తొంభై వేలు.
మూడేళ్ళు ఎవరెవరి డైలాగుల్లోంచో
ఫ్యాను చప్పుడూ కుక్క అరుపులూ ఏరిపారేసిన కూలి.

కరెంటు బిల్లు వెనక రాసుకున్నా:
స్పీకర్లు ఐదు. ఐదూ ఒకే కాన్పువి కావాలి.
గొంతులు వేరైతే
ముందు నుంచి వెనక్కి పోయే లారీ
నా పక్కకొచ్చేసరికి మోపెడ్ అయిపోతుంది.
ఎనిమిదంగుళాల వాటి మీద మనసు పడింది.
పదకొండడుగుల గదిలో అవి
జట్కాబండి ఎక్కించిన దున్నపోతులు.
ఆరున్నరకు దిగా.
ఇంటర్‌ఫేస్‌కు ఎనిమిది దారులు.
నాలుగు దారులది చవకే, కానీ
వెనక ఒక చెవికి వాన, ఒక చెవికి కరువు.
మాకు కరువు కొత్త కాదు,
డబ్బిచ్చి మరీ కొనుక్కోవడమెందుకు.
ఆరోది సబ్ ఊఫర్. దాని ఎదురుగా ముప్పై రెండు వేలు.
కొట్టేశా.

గోడలకు పరుపులు కట్టడానికి
దూదేకుల హుసేనప్ప వచ్చాడు.
నలభై ఏళ్ళు మైకుసెట్టు నడిపి
ఉరుసులూ ఓట్లూ పెళ్ళిళ్ళూ అన్నీ మోగించి
ఎడమ చెవిని హారన్‌కు ఇచ్చేసిన మనిషి.
జిన్నింగు మిల్లు వెనక పారేసే తుక్కు పత్తి
ఆరు గోతాలు తెచ్చి, ఏకి,
చెక్క చట్రాల్లో కూరి, గోనెపట్ట కప్పి మేకులు కొట్టాడు.
సాయంత్రానికి చిటికె
వేలి దగ్గరే చచ్చిపోయింది.

పోతూ పోతూ బిల్లు చూసి,
"ఈడ గీత గీసినావే, ఏంది పాపా?"
"బరువు శబ్దం పెట్టె. లేకున్నా నడుస్తుంది."
ఆయన చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు.
"మా జేజినాయన దూది ఏకుతుంటే
వింటినారి మోత చెవిలో పడేది కాదు పాపా,
ఈడ"
రొమ్ముటెముక చూపించాడు,
"ఈడ పడేది. నాకిప్పుడు మిగిలింది ఆ మోతొకటే.
దాన్నే కొట్టేస్తివే."

రాత్రి మళ్ళీ లెక్క.
ఆరున్నర నుంచి ఐదంగుళాలకు దిగా.
స్టాండ్ల బదులు సిమెంటు ఇటుకల మీద నాపరాతి ముక్కలు.
గీత మీద గీత గీసి ఆరో పెట్టెను వెనక్కి పిలిచా.

లారీ ఆఫీసు నుంచి తోపుడుబండి మీద వచ్చిన రోజు
దాన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి
ఎక్కుతూ దిగుతూ ఒక బొంగురు మోత పెట్టా.
అరవై ఎనిమిదేళ్ళ హుసేనప్ప పంచె ఎగగట్టి
గోడ పొడుగునా దోగాడాడు,
చూడిగొడ్డు కడుపు తడిమినట్టు
బండబండకూ అరచెయ్యి ఆనిస్తూ.
మూలలో, "ఇది ఉబ్బరం."
తలుపు దగ్గర, "ఈడేం లేదు."
కిటికీ కింద మూడో బండ మీది నుంచి చెయ్యి తియ్యలేదు.
"ఇంగ పెట్టె ఈడికి దించు."
సుద్దతో గుర్తు పెట్టా.

కుర్చీ చోట, రెండు బండల సందులో మేకు దిగేసి
తాపీమేస్త్రి దారం కట్టి
ఐదింటికీ ఒకే దూరం కొలిచాం.

మొదట కలిపింది పత్తి మార్కెట్టు సీను.
రేకుల మీద వాన. తడుస్తున్న బోరాలు,
పట్టల కోసం పరిగెత్తే కాళ్ళు.
"వెనక, ఎడమ పక్క వాన చాలుతుందా?" అన్నా.
ఆ పక్క ఆయనకు ఉత్త గోడ.
నేను నాలుక కరుచుకునే లోపే
కుర్చీని కిర్రున తిప్పి
తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు,
కుడి చెవిని దోసిలి చేసి.

"ఇంగ రోంత" అన్నాడు.