కాటేదాన్ ధర్మకాంట

తెల్లారగట్ల అయిదున్నరకు
కాటేదాన్ ఇనుప లారీల వరుసల
మా చిన్న ఇల్లు నిలబడ్డది,
రెండు చక్రాల మీద, పసుపు రంగుల.
ముందు మా పాత జీపు,
దాని ముందు ఉల్లిగడ్డల లారీ,
డ్రైవరు తల బయటపెట్టి నవ్వుతున్నడు:
"సార్, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

బాలానగర్‌ల అంజద్ మిస్త్రీ కట్టిండు దీన్ని.
కట్టకముందే కాగితం మీద రాసిచ్చిండు:
ఆరువందల నలభై కిలోలు.
జీపు పుస్తకంల రాసున్నది:
వెయ్యి దాకా గుంజుతది.
ఇంక మూడువందల అరవై మనదే గదా అని
చంద్రకళ ఒక అలమార అడిగింది,
నేను ఎండకు పందిరి అడిగిన,
స్టీలు సింకు, దోమల జాలి, ఇంకో పొర ప్లైవుడ్.
అడిగినప్పుడల్లా "హో జాయేగా" అన్నడు అంజద్.
కాగితం మాత్రం మళ్ల రాయలే.

కాంట కిటికీ వెనక బాలకిషన్,
చెవులదాకా మఫ్లరు.
"జీపు విప్పి దింపుండ్రి.
ఇల్లు ఒక్కటే ఉండాలె పలక మీద."
ఎర్ర అంకెలు కొంచెంసేపు కొట్టుకలాడి
ఆగినయ్.
వెయ్యిన్ని ఎనభై.

ఊరికే పెట్టలే దానికి ఆ పేరు.
మొహమాటం లేదు.

"నీళ్ల టాంకు నిండుగున్నదా?"
"నూట ఇరవై లీటర్లు."
"లీటరుకు కిలో, సార్.
ఈ రోడ్డు మీద మోసం లేని లెక్క గదొక్కటే."
నల్ల తిప్పినం.
మంజీరా నీళ్లు సిమెంటు మీద పారుకుంట పోయినయ్,
ఒక కుక్క లేచొచ్చి తాగింది.
తొమ్మిదివందల అరవై.

"వెయ్యి లోపలికి వచ్చినం గదా" అన్న.
బాలకిషన్ బయటికి వచ్చిండు,
బండి చుట్టూ తిరిగిండు,
పశువును కొనేటోని లెక్క.
"గుంజుడు పెద్ద ముచ్చట గాదు.
మన్ననూరు దాటినంక ఘాటు దిగుతరు గద,
అప్పుడు ఇల్లే మిమ్ముల తోస్తది.
ఆపేది ఎవరు?
వెయ్యి అని రాసుంటే
తొమ్మిదివందలే చదువుకోవాలె."

మంచం కిందికెల్లి
నా పానాల పెట్టె బయటపడ్డది. యాభై కిలోలు.
"ఇదెప్పుడు పెట్టినవ్?" అన్నది చంద్రకళ.
నేను టైరు దిక్కు చూసిన.

వెనక అరలకెల్లి
గోనెసంచి చుట్టిన రుబ్బురోలు. ముప్పై.
"మరి ఇదెప్పుడు పెట్టినవ్?"
ఆమె ఆకాశం దిక్కు చూసింది.
అక్కడ ఇంకా ఏమీ లేదు చూడనీకి,
శంషాబాద్‌ల దిగుతున్న విమానం దీపం తప్ప.

ఇరవై ఆరేండ్ల కాపురం.
ఒకరికి తెల్వకుండ ఒకరం
ఎనభై కిలోలు ఎక్కించుకుని బయలుదేరినం.

"వెనక బరువు పెడితే తోక ఊపుతది" అన్నడు బాలకిషన్.
"ఇరుసుకు జర ముందు ఉండాలె.
కొక్కెం మీద పదోవంతు వాలాలె, అంతే,
దోస్తు భుజం మీద చెయ్యేసినట్టు.
మొత్తం ఒరిగితే దోస్తు గూడ పడతడు."

అలమారల బియ్యం డబ్బాలు ముందుకు జరిపినం.
మళ్ల ఎక్కించినం పలక మీదికి.
ఎనిమిదివందల ఎనభై.

రసీదు చింపి ఇచ్చిండు.
వాహనం రకం అని ఉన్న కాడ
ఏం రాయాల్నో తెల్వక
"ఇల్లు" అని రాసిండు.

పెట్టె, రోలు ఆయన దగ్గరే ఉంటయ్ మేం వచ్చేదాకా.
రోలు బోర్లేసి
అప్పుడే దాని మీద కూసున్నడు, చాయ్ గ్లాసుతోని.
"ఇంకో మాట సార్.
ఈ కాంటకు పది కిలోల లోపు
వినపడదు."

ఆ మాట కోసమే ఆగినట్టు
చంద్రకళ గోనెసంచిల చెయ్యి పెట్టింది.
చింతకాయ తొక్కు సీసా,
మూతికి గుడ్డ కట్టి ఉన్నది.
నన్ను అడగలే.
ఒడిల పెట్టుకుని జీపెక్కింది.

కొక్కెం టక్కుమన్నది.
బయలుదేరినం.