ఆటలో అరటిపండు

ఫుట్‌బాల్ జట్టుకు విమానం.
తక్కినవాళ్లందరికీ నేను.

పందొమ్మిదేళ్లయింది అయోవాలో యూనివర్సిటీ బస్సు తోలబట్టి.
ఎవరెక్కారో చూడటానికి అద్దం అక్కర్లేదు, ముక్కు చాలు.
ఈతగాళ్లు క్లోరిన్.
కుస్తీవాళ్లు ఆకలి: కాటా ఎక్కేదాకా ఉమ్మి కూడా మింగరు,
దిగాక మాత్రం బస్సంతా వేరుశెనగ ముద్ద.
వాలీబాల్ పిల్లలు గెలిచినా పాటే, ఓడితే ఇంకా పెద్ద పాట.
గోల్ఫ్ కుర్రాళ్లకు వాసనే ఉండదు,
ఇస్త్రీ చేసిన చొక్కాకు ఏముంటుంది?

క్రాస్ కంట్రీ అమ్మాయిలంటే బురద.
వాళ్లు దిగాక మెట్ల మీద నేను గీకి తీసే మట్టిలో
మూడు రాష్ట్రాలుంటాయి.

వాళ్ల ఆట లెక్కొక తిరకాసు.
ఏడుగురు పరుగెడతారు, ఐదుగురినే లెక్కపెడతారు.
ఎన్నోవాళ్లుగా వచ్చారో ఆ అంకెలు కూడి
తక్కువ ఎవరికొస్తే వాళ్లది గెలుపు.
ఆరో పిల్ల, ఏడో పిల్ల ఆటలో అరటిపండ్లు.

కోచ్ హోలెన్‌బెక్ బస్సెక్కేటప్పుడు
తలా ఒక అరటిపండు చేతిలో పెడుతుంది, నిజం పండే.
మారెన్ టోలెఫ్‌సన్ సగం తిని
మిగతా సగం తొక్కలో చుట్టి దాస్తుంది తిరుగు దారికి.
ఏడో పిల్ల ఆమే.
స్కాలర్‌షిప్ లేదు. తెల్లారి ఐదింటికి హాస్టల్ వంటింట్లో
మూడు వందల గుడ్లు కొట్టి, ఆ చేతులు కడుక్కుని పరుగుకొస్తుంది.
ఆమె సైజు అయిపోయిందని
అర నంబరు పెద్ద బూట్లిచ్చారు ఆగస్టులో.
నవంబరు దాకా ఏమీ అనలేదు.

నవంబరులో విస్కాన్సిన్. వానా కాదు, మంచూ కాదు, రెండూ.
కంచె పక్కన కాఫీ పట్టుకుని నిలబడ్డాను.
వాగు దగ్గరి పల్లంలో
నేల ఆమె ఎడమ బూటు లాగేసుకుంది.

వెనక్కి చూసింది.
ఆ చూపు ఖరీదు ఇద్దరు మనుషులు, దాటిపోయారు.
తర్వాత మేజోడుతోనే.

చివరి మిట్ట మీద ఆమె ముందు ఒక ఆకుపచ్చ బనీను.
పరుగని అనలేను దాన్ని.
నిచ్చెన మీంచి జారినవాడు ముందుకే పడినట్టు
ఆ పిల్లను దాటి, గీతను దాటి,
మోకాళ్ల మీద, కక్కుతూ.

బోర్డు మీద మాది అరవై ఒకటి.
ఆకుపచ్చవాళ్లది అరవై రెండు.

ఇక చూడాలి ఆ కేకలు!
ఐదుగురిని వరసగా నిలబెట్టి ఫొటో తీశారు.
అందరికంటే ముందొచ్చిన జోయెల్ ప్రాథర్‌ను ఎత్తి తిప్పారు.
మారెన్ కూడా చప్పట్లు కొట్టింది
ఒంటికాలి మీద, కొంగలా.

నేను భోజనం సంచీ చింపి పెన్సిలుతో లెక్క వేశాను.
ఆ ఆకుపచ్చ పిల్ల వాళ్ల ఐదోది.
మారెన్ వెనకే ఉండిపోతే ఒక్క అంకె ముందొచ్చేది.
అరవై ఒకటికి అరవై ఒకటి.
మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

కోచ్‌కు తెలిసే ఉంటుంది. తెలియకపోయినా తప్పు పట్టను,
ఆ గోలలో ఎవరి వేళ్లు వాళ్లు లెక్కపెట్టుకోవడమే కష్టం.

చక్రాలు విప్పే ఇనప కడ్డీ తీసుకుని
వాగు దగ్గరికి వెళ్లాను.
నలభై నిమిషాలు. మోచేతిదాకా బురద.
నేల బిగించి పట్టుకుంది,
నేనూ వదల్లేదు.

తిరుగు దారి ఐదు గంటలు.
మిసిసిపి వంతెన దాటేసరికి పాటలు ఆగిపోయాయి.
ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది,
ఒళ్లో నల్లబడిన అరపండు.

పెట్రోలు బంకు దగ్గర బస్సాపి
బూటు కడిగి, సంచీ కాగితం నలిపి లోపల కుక్కాను.
అలా చేస్తే పొద్దుటికి తడి లాగేస్తుంది.
అంకెలున్న ముక్కను అన్నిటికంటే లోపలికి,
బొటనవేలుండే చోటికి తోసి
హీటరు ముందు పెట్టాను.

ఐదింటికి గుడ్లు కొట్టాలి కదా,
తొందరలో చూడకుండా పారేస్తుందేమో.
పారేస్తే పారేయనీ.
బూటు ఆరుతుంది.