సొట్టలు

రెడ్ హిల్స్‌లో ఒక తవుడు నూనె మిల్లు.
పన్నెండు మీటర్ల ఇనప డబ్బా నిండా తవుడు.
అడుగున గేటు తెరిస్తే రావాలి. రాదు.
మాకు వచ్చిన మెయిల్లో ఇంతే ఉంది,
కింద ఒక డ్రాయింగు, దాని మీద టీ మరక.

అంబత్తూరులో, మూడో అంతస్తులో
నేను తవుడుకి లెక్క కట్టడం మొదలుపెట్టాను.
అసలు తవుడంతా ఏ కంప్యూటరూ మొయ్యలేదు,
అందుకని వెయ్యి రేణువులకు ఒక గోళీ.
ఇరవై లక్షల గోళీలు.
ఒక్కోదానికి ఒక బరువు, ఒక గరుకు,
పక్కదాన్ని పట్టుకు వేలాడే కాస్త జిగట.
సందుల్లో గాలి.
గాలిలో కార్తీకం వానల తేమ.

మొదటి రాత్రి కాలాన్ని మరీ పెద్ద ముక్కలుగా కోశాను.
రెండు గోళీలు ఒకదానిలో ఒకటి దూరి
కోపంగా విడిపోయి
ఇనప గోడ దాటి, పుళల్ చెరువు దాటి
అంకెలు పట్టని దూరానికి ఎగిరిపోయాయి.
"సెకనుని ఇంకా సన్నగా తరుగు" అన్నాడు ఇళంగో,
ఉల్లిపాయ సంగతి చెప్పినట్టు.

తరిగాను. సెకనుకు పది లక్షల ముక్కలు.
పన్నెండు సెకన్ల తవుడు జారడానికి
నాలుగు రాత్రులు.
ఐదో పొద్దున తెర మీద
పైన తవుడు, కింద ఖాళీ, మధ్యలో
ఎవరూ కట్టని వంతెన.
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి
కమానుగా నిలబడ్డ రేణువులు.
కదలనివాటికి నీలం రంగు వేస్తుంది మా సాఫ్ట్‌వేర్.
ఇంత నీలం నేను ఎన్నూరు సముద్రంలో కూడా చూడలేదు.
గేటుకి రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్ల ఎత్తున.

లాప్‌టాప్ పట్టుకుని మిల్లుకి వెళ్లాను.
డబ్బా కింది గోడ
అమ్మవారు పోసిన మొహంలా ఉంది.
సొట్టలు. సొట్ట మీద సొట్ట.
భుజాన సమ్మెటతో మునిరత్నం వచ్చాడు.
తాత కాలం నుంచీ చెన్నైలోనే, ఇంట్లో మాత్రం తెలుగు,
నాకు సగమే అందే తెలుగు.
తవుడు ఆగినప్పుడల్లా డ్రమ్మెక్కి కొట్టేది తనే.
"ఎక్కడ కొట్టాలో ఎలా తెలుస్తుంది?"
"ఖాళీ అయితే మోగుతాది, నిండుంటే మూలుగుతాది,
రెండూ కలిసే చోట కొట్టేది."

టేపు పెట్టి కొలిచాను.
రెండు మీటర్లు. అటూ ఇటూ ఒక అరచెయ్యి.

తెర చూపించాను. చాలాసేపు చూశాడు.
"అంతా ఉండాది గానీ, దీంట్లో నా దెబ్బ ఏదమ్మా?"
లేదు.
గోడకి నేనిచ్చింది గరుకుతనం ఒక్కటే,
సున్నా పాయింట్ నాలుగు, ఎక్కడో చదివి.
ప్రతి సొట్టా లోపలివైపు ఒక చిన్న అరుగు,
ఆ అరుగు మీద మళ్ళీ కొంచెం తవుడు కూర్చుంటుంది
అని చెప్పబోయి మింగేశాను.
ఆయనే అన్నాడు:
"కొట్టేకొద్దీ ఇంకా నిలుస్తాది. తెలుసు.
కొట్టకపోతే మేనేజరు నిలుస్తాడు, నా నెత్తిన."

ఆ రాత్రి సొట్టలన్నీ గీశాను, నూట పద్దెనిమిది.
కమాను ఇంకాస్త బిగిసింది.
"ఏ ప్రయోగంతో సరిపోల్చారు?" అన్న గడిలో
'మునిరత్నం, సమ్మెట, ఇరవై రెండేళ్లు' అని రాశాను.
మా బాస్ దాన్ని 'క్షేత్ర పరిశీలన' అని దిద్దాడు.

ఫిబ్రవరిలో కొత్త గరాటు బిగించారు,
నిటారు గోడలు, అద్దంలాంటి స్టీలు.
గేటు తెరిచారు. తవుడు మాట విన్నది.
అందరూ చప్పట్లు కొట్టాక
మునిరత్నం దగ్గరికెళ్లి,
పుచ్చకాయ కొనేవాడిలా వేలి ముడుకుతో రెండుసార్లు తట్టి
చెవి ఆనించి కాసేపు విన్నాడు.
"ఇంకా పచ్చిదే" అన్నాడు.
సమ్మెటని మాత్రం
ఆ డబ్బా కాలికే ఆనించి వెళ్లాడు.