తొందరపడిన చెయ్యి

లుబ్లియానాలో పొద్దున్నుంచీ వాన.
మిలోయ్కా బెజెల్యాక్, డెబ్భై ఒకటేళ్ళు,
ఇద్రియా నుంచి మొదటి బస్సులో వచ్చి
తడి కోటు కుర్చీకి తగిలించి చెయ్యి చాపింది.
చూపుడువేలి కొసన దారం కోసిన గాట్లు.

"పసుపు మందు ఎక్కిస్తాను.
కాసేపు ఒళ్ళు పచ్చబడుతుంది, రేపటిదాకా మూత్రం కూడా.
భయపడకండి."
"మా ఆయన పాదరసం గనిలో ముప్ఫై ఏళ్ళు చేశాడు.
భయమే ఉంటే ఆయన్ని చేసుకునేదాన్నా?"

మత్తు వద్దంది.
తెర తనవైపు తిప్పమంది.

గొట్టం కొసన పెసరగింజంత సూక్ష్మదర్శిని.
పేగు గోడకి ఆనించి ఊపిరి బిగబట్టాను.
ఆమె కాదు, నేను.
నా వేలు వణికితే బొమ్మ చెదురుతుంది.
నీలికాంతిలో పద్నాలుగు సెకన్లు, పదిహేను,
మోచేతి దగ్గర దిగిన మందు
గుండె చుట్టొచ్చి ఇక్కడ వెలిగింది.

ముందు బాగున్న చోటు.
గుండ్రటి గుంటల చుట్టూ సన్నని నాళాలు
తేనెపట్టు గదుల్లా, ఏ గదీ వదలకుండా.
లోపల రక్తకణాలు నల్లచుక్కలై
ఇరుకు వంతెన మీద గొర్రెల్లా ఒకదాని వెనక ఒకటి.
"ఇది తెలిసిన అల్లికే," అంది.

రెండంగుళాలు జరిగాను.

ఇలాంటి చోట నేను రాసేవి నాలుగు మాటలు:
వెడల్పు, వంకర, అడ్డదిడ్డం, లీకు.
రాసి రాసి చూడ్డం మానేశాను కాబోలు.
ఆమె చూసింది.

"ఎవరు అల్లారిది?
పోగు లావెక్కింది, పీలగా అయింది,
ఇదుగో ఇక్కడ ఎటూ పోకుండా ఆగిపోయింది.
గుండుసూదులు గుచ్చకుండానే మొదలెట్టారు.
ఆకలితో ఉన్న మనిషి పని.
గజానికింత అని డబ్బులిచ్చే రోజుల్లో
మేమూ ఇలాగే చేసేవాళ్ళం.
అమ్మ కంటబడితే మొత్తం విప్పించేది."

నాళాల చుట్టూ పసుపు
చిరుగు సంచిలోంచి పిండిలా కారుతోంది.

ఆకలి.
పదహారేళ్ళ చదువులో ఎవరూ నాకు
ఇంత చిన్న మాటలో చెప్పలేదు.
కణితి నెత్తురు కోసం అరుస్తుంది.
కాదనలేని ఒళ్ళు
దొరికిన దారంతో దొరికినట్టు అల్లి పెడుతుంది.

"విప్పుతారా?"
"విప్పలేం. కత్తిరిస్తాం,
అటూ ఇటూ మంచి అల్లిక తగిలేదాకా.
ఆ పైన రెండు కొసలూ కలిపి కుడతాం."

చాలాసేపు వాన చప్పుడు.

"ఎవరు కుట్టేది?"
"బొష్ట్యాన్ అని, మా సర్జన్."
"ముందు ఆయన చేతులు చూడాలి."

శుక్రవారం రెండింటికి రమ్మన్నాను,
ఇద్దరినీ.